చిన్న తెర వచ్చేదాకా

ల్యాప్‌టాప్ కొనాలనుకునేవాళ్ళు ధర చూస్తారు, కంపెనీ చూస్తారు, కుర్రాళ్ళయితే ఆటలాడటానికి పనికొస్తుందా లేదా అని చూస్తారు. నేను వెడల్పు ఒక్కటే చూశాను. నా కుడిచేతి జాన, దాని పక్కన ఒక బెత్తెడు. అంతకు మించితే నాకు పనికిరాదు. అమీర్‌పేటలో షాపు షాపుకూ వెళ్ళి, మూసి ఉన్న ల్యాప్‌టాప్‌ల మీద చెయ్యి పరిచి కొలుస్తుంటే అక్కడి సేల్స్ వాళ్ళు నన్ను జాకెట్టు గుడ్డ బేరానికి వచ్చినదాన్ని చూసినట్టు చూశారు. చూస్తే చూశారు. సిగ్గుపడటానికైనా కాస్త ఓపిక ఉండాలి, నాకు అప్పటికి అదీ లేదు.

ఆ కొలత నేను పెట్టుకున్నది కాదు. పంజాగుట్ట దాటాక సోమాజిగూడ వైపు ఒక ఆసుపత్రిలో, డయాలసిస్ గదిలో, కుర్చీ పక్కన బిగించిన చిన్న బల్లది. నా కిడ్నీలు పని మానేశాక వారానికి మూడు పొద్దుటి పూటలు ఆ కుర్చీలో నాలుగేసి గంటలు కూర్చోవడం నా బతుకులో భాగమైపోయింది. ఎడమచేతికి రెండు సూదులు గుచ్చి, ఒక గొట్టంలోంచి నెత్తురు తీసి, మిషన్‌లో కడిగి, ఇంకో గొట్టంలోంచి తిరిగి ఒంట్లోకి పంపుతారు. అంతసేపూ ఆ చెయ్యి కదపకూడదు. కుడిచెయ్యి మాత్రం మనదే. ఆ చేతి కిందికి, ఇడ్లీ పొట్లం పెట్టుకోవడానికని, తిప్పితే ముందుకు వచ్చే బల్ల ఒకటి ఇచ్చారు. జానా బెత్తెడు బల్ల. నా ఉద్యోగం ఉండటమూ ఊడటమూ ఆ బల్ల మీద ఆధారపడే రోజు వస్తుందని నేను ఎన్నడూ అనుకోలేదు.

నా ఉద్యోగం గురించి చెప్పాలి. అమీర్‌పేటలో పోటీ పరీక్షల పుస్తకాలు వేసే ఒక సంస్థలో నేను తప్పులు దిద్దేదాన్ని. చుట్టూ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, జిరాక్స్ షాపులు. ఆ గొడవ మధ్యన ఒక మేడ మీద మా ఆఫీసు. నోటిఫికేషన్ పడిందంటే చాలు, మాకు నిద్రాహారాలు ఉండవు. చరిత్ర, భూగోళం, పంచవర్ష ప్రణాళికలు, అన్నీ నా కళ్ళ ముందునుంచి పోవలసిందే. నేను చదివి చదివి వదిలిన పుస్తకాలు చదువుకుని ఎంతమందో ఆఫీసర్లయ్యారు. నేను మాత్రం అక్కడే, అదే కిటికీ పక్కన, అదే ఎర్ర పెన్నుతో ఉండిపోయాను. బాధగా చెప్పడం లేదు. నాకు ఆ పని ఇష్టం.

జబ్బు సంగతి తెలిశాక మా యజమాని మంచిగానే మాట్లాడాడు. మంచివాడే, కాకపోతే వ్యాపారస్తుడు. ఆ మూడు రోజులూ పొద్దున్న రాకపోయినా ఫర్వాలేదన్నాడు. దసరా దాకా అలా నడిపిద్దామనీ, దసరా తర్వాత కొత్త పుస్తకాలు ఒక్కసారిగా మీద పడతాయి కాబట్టి అప్పటినుంచి ఏ రోజు ఫైలు ఆ రోజు మధ్యాహ్నానికల్లా దిద్ది పంపాలనీ అన్నాడు. ఆసుపత్రిలో కూర్చుని చేస్తావో, ఇంట్లో చేస్తావో నీ ఇష్టం, అలా కుదిరితే ఉద్యోగం, కుదరకపోతే బయటి మనిషిగా పేజీకి ఇంత అని చేసుకోమన్నాడు. బయటి మనిషినైతే ఆఫీసు కట్టే ఆరోగ్య బీమా నాకు ఉండదు. నెత్తురు కడిగించుకునే మనిషికి బీమా పోవడమంటే ఏమిటో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకే ఇద్దరం ఆ మాట పైకి అనలేదు.

మామూలుగా అయితే డయాలసిస్ అయిన రోజు మధ్యాహ్నం నేను మనిషిని కాను. ఇంటికొచ్చి, తడిగుడ్డ పిండి ఆరేసినట్టు మంచం మీద పడిపోతాను. ఆ పూట పని జరగదు. కాబట్టి చేస్తే ఆ కుర్చీలోనే, ఆ నాలుగు గంటల్లోనే చేయాలి. ఫోనులో చేద్దామంటే ఒత్తులు కనబడవు. కనబడని ఒత్తు కింద తప్పు ఉంటే అది ఏ పాపం ఎరగని పిల్లవాడి మార్కు మీదికి పోతుంది. ట్యాబ్ ఏదో ఒకటి తెచ్చి చూశాం. మా అచ్చు ఫాంట్లు దాంట్లో తెరుచుకోలేదు, అక్షరాల బదులు డబ్బాలు వచ్చాయి. కాగితాల మీద దిద్దుదామంటే ఒక్క చేత్తో పట్టుకోవడం కుదరలేదు. రెండో పేజీ తిప్పేసరికి మొదటి పేజీ వెళ్ళి పక్కవాళ్ళ కుర్చీ కింద పడింది. తీసివ్వడానికి పాపం ఆయా మూడుసార్లు వంగింది, నాలుగోసారి మొహం చిట్లించింది.

ఇంట్లో మావారి పాత ల్యాప్‌టాప్ ఉంది. పదిహేను అంగుళాలది. దాన్ని మోయడానికి ఒక మనిషి, పెట్టడానికి ఒక మంచం కావాలి. ఒక రోజు మొండికేసి దాన్నే పట్టుకెళ్ళాను. బల్ల మీద పెడితే రెండు పక్కలా చూరులా బయటికి వచ్చింది. కాసేపు బాగానే ఉంది. మొగలుల పాలన సగం దిద్దాను. అంతలో అది పక్కకు జారి గొట్టం మీద వాలింది. మిషన్ కూత పెట్టింది. టెక్నీషియన్ పరిగెత్తుకుంటూ వచ్చి, దాన్ని రెండు చేతులా ఎత్తి అవతల కిటికీలో పెట్టాడు. కోప్పడలేదు కానీ ఇంక తేవద్దని గట్టిగా చెప్పాడు. చిన్నది ఏదైనా ఉంటే తెచ్చుకోండి, బల్ల దాటకూడదు అన్నాడు. ఆ రోజు మిగతా సమయమంతా కిటికీలో ఉన్న ఆ బండరాయిని చూస్తూ కూర్చున్నాను. నాకు ఏడుపు వచ్చింది.

అప్పుడే పక్క కుర్చీ పెద్దాయన నాతో మొదటిసారి సరిగ్గా మాట్లాడారు. అంతకుముందు రోజూ చూసుకునేవాళ్ళమే, తల ఊపుకునేవాళ్ళమే. ఎర్రమంజిల్‌లో ఏదో సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారట. కృష్ణానగర్‌లో కొడుకు ఇంట్లో ఉంటారు. కొడుకు షూటింగులకి లైట్లు కట్టే పనిలో ఉన్నాడు, పొద్దున్నే ఈయన్ని దింపేసి వెళ్ళిపోతాడు, పని వదిలాక వస్తాడు. ఆయనకు ఒక ఫోను, ఆ ఫోనులో కొత్తగా రాబోయే ఫోన్ల మీద, ల్యాప్‌టాప్‌ల మీద జనాలు పెట్టే వీడియోలు, అదే లోకం. సొంతానికి ఆయన ఎప్పుడూ ల్యాప్‌టాప్ కొన్నది లేదు, ముట్టుకున్నదీ లేదు. కానీ ఏ కంపెనీ వచ్చే ఏడాది ఏం చేయబోతోందో ఆ కంపెనీ వాళ్ళకంటే ముందు ఈయనకు తెలిసినట్టు మాట్లాడేవారు.

“ఫికర్ చెయ్యకు బిడ్డా,” అన్నారు ఆ రోజు. “పన్నెండు ఇంచులది వస్తున్నదంట. జర ఆగు. గిప్పుడు కొన్నవనుకో, అది రాంగనే నెత్తి కొట్టుకుంటవ్.”

ఆ మాట నాకు ఎంత ఊరట ఇచ్చిందో ఇప్పుడు తలుచుకుంటే చిరాకేస్తుంది. ఎక్కడో ఎవరో, నా బల్ల కొలత తెలిసినట్టు, సరిగ్గా నాకు సరిపడేది తయారు చేస్తున్నారు, నేను చేయాల్సిందల్లా ఆగడమే. ఆగడం నాకు అప్పటికే బాగా అలవాటైన పని. ఆసుపత్రిలో నేర్పేది అదొక్కటే కదా. ఆటో కోసం ఆగు, బరువు చూడటానికి ఆగు, మిషన్ కడిగేదాకా ఆగు, సూది తీశాక నెత్తురు నిలిచేదాకా దూది నొక్కుకుని బెంచీ మీద ఆగు.

అలా మొదలైంది మా ఇద్దరి ముచ్చట. నేను వెళ్ళి బరువు చూపించుకుని కుర్చీలో వాలేసరికి ఆయన ఆ రోజుకి ఒక కబురుతో సిద్ధంగా ఉండేవారు. ఒక కంపెనీ చిన్న తెర మళ్ళీ తెస్తోందట. పదమూడు అంగుళాల తెరనే అంచులు కోసేసి పన్నెండు అంగుళాల ఒంట్లో ఇరికిస్తున్నారట. ఇంకో కంపెనీ తెరను మధ్యకు మడిచేలా చేస్తోందట, మడిస్తే పుస్తకమంత అవుతుందట. ఒకసారి పదకొండు అంగుళాలది అన్నారు. నేను పదకొండైతే నా అక్షరాలు మరీ చిన్నవైపోతాయని అభ్యంతరం చెప్పాను. ఆయన చాలా సీరియస్‌గా ఆలోచించి, పన్నెండున్నర అయితే నీకు సరిగ్గా ఉంటదని తేల్చారు. మేమిద్దరం వద్దన్నంత మాత్రాన ఆ కంపెనీ ఆపేస్తుందన్నట్టు ఉండేది మా చర్చ. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పుట్టని ల్యాప్‌టాప్‌కి సంచీ ఏ రంగుదైతే బావుంటుందో కూడా మాట్లాడుకున్నాం.

నేను ఆయన్ని బాబాయి గారూ అనేదాన్ని. ఆయన నన్ను బిడ్డా అనేవారు. మొదట్లో గోదారి మనిషినైన నాకు ఆ పిలుపు కొత్తగా ఉండేది. తర్వాత అది వినబడకపోతే వెలితిగా అనిపించేది.

మావారికి ఈ ఆగడం బాగా నచ్చింది. ఆయనకు ఏ వస్తువైనా కొనకుండా ఉండటానికి ఒక కారణం దొరికితే పండగే. మొదట ఆషాఢం వెళ్ళనీ అన్నారు. ఆషాఢంలో బట్టలకు డిస్కౌంట్లు పెడతారు గానీ ల్యాప్‌టాప్‌లకు శ్రావణం మంచిదట. శ్రావణంలో, ఎలాగూ వినాయకచవితి అయ్యాక ఆన్‌లైన్ వాళ్ళ పెద్ద అమ్మకాలు మొదలవుతాయి కదా అన్నారు. చవితి అయ్యాక, మీ బాబాయి గారు ఏమంటున్నారు అని అడిగారు. బాబాయి గారు కొత్తది దీపావళికి వస్తోందంటున్నారని చెప్పాను. అయితే అదీ చూద్దాం, దసరా అయ్యాక మూడు వారాలేగా, మీ యజమాని ఆ మాత్రం ఆగకపోతాడా అన్నారు. ఇంట్లో ఒకరు పంచాంగం పట్టుకుని, ఆసుపత్రిలో ఒకరు ఫోను పట్టుకుని, ఇద్దరూ నాకు ముహూర్తం చూస్తున్నారు. గట్టిగా అరుద్దామనిపించేది. కానీ అరిస్తే బీపీ పెరుగుతుంది, పెరిగితే మర్నాడు టెక్నీషియన్ అడుగుతాడు, అదొక తంటా.

ఊరుకోలేక నేనూ మధ్యలో కొన్నిసార్లు షాపులకు వెళ్ళాను. డయాలసిస్ లేని రోజుల్లో ఆఫీసు వదిలాక, అమీర్‌పేట మెట్రో స్తంభాల పక్కనున్న షాపులకు. అన్నిచోట్లా ఒకటే మాట. చిన్నవి ఆపేశారు మేడమ్, ఇప్పుడన్నీ పద్నాలుగు, పదిహేను, పదహారు. జనం తెర పెద్దది అడుగుతుండ్రు, చిన్నది ఎవరు అడుగుతరు. ఒక షాపు భాయ్, కాస్త పెద్దవాడు, మాత్రం నా చేతి కొలతను చూసి నవ్వలేదు. చిన్నది దేనికని అడిగాడు. చెప్పాను. కొత్తవాటిలో అంత చిన్నది నా దగ్గర లేదు, వస్తే ఫోన్ చేస్తాను అని నంబరు తీసుకున్నాడు. ఆయన ఫోను కోసం కూడా కొన్నాళ్ళు ఆగాను. ఆ ఫోనూ రాలేదు.

పాతది తీసుకుంటే ఎలా ఉంటుందని నాకు ఒకసారి తోచింది. కుర్చీలో కూర్చుని ఆ మాట బాబాయి గారితో అన్నాను. ఆయన వెంటనే తల అడ్డంగా ఊపారు. పాతవి వద్దన్నారు. బ్యాటరీ పొంగుతుందట, పొగ వస్తుందట, ఆసుపత్రిలో ఆక్సిజన్ ఉంటుంది కదా, లేనిపోని ప్రమాదమట. ఆక్సిజన్ మాట వినగానే నేను హడలిపోయాను. ఆ గదిలో అందరి మీదికీ నా మూలంగా ఏమైనా వస్తే, అనుకుని ఆ ఆలోచన అక్కడితో వదిలేశాను. ఆయన ఆ వెంటనే దీపావళికి రాబోయే దాని బరువు గురించి మొదలుపెట్టారు.

దసరా దగ్గర పడుతోంది. నేను ఆఫీసుకు వెళ్ళిన పూటల్లో రెండింతలు పని చేసి లోటు కప్పుతున్నాను. ఇంటికొచ్చి కూడా చేస్తున్నాను. కళ్ళు మండేవి, కాళ్ళు పొంగేవి. నీళ్ళు కొలిచి తాగాలి కదా, గొంతు ఎప్పుడూ ఎండిపోయి ఉండేది. ఆ అలసట ఎలాంటిదంటే, అన్నం కలుపుకుని ముద్ద ఎత్తకుండానే అలా చూస్తూ ఉండిపోయేదాన్ని. అయినా ఎవరైనా అడిగితే, కొత్తది వస్తోందండీ, రాగానే అంతా సర్దుకుంటుంది అని చెప్పేదాన్ని. నమ్మే చెప్పేదాన్ని.

ఒక రోజు కుర్చీలో ఉండగా యజమాని ఫోన్ చేశాడు. ఎలా ఉన్నావని అడిగాడు, తర్వాత కాస్త తటపటాయించాడు. భారత రాజ్యాంగం పుస్తకం వేరే అమ్మాయికి ఇచ్చేశానన్నాడు. ఆ పుస్తకం మొదటి అచ్చు నుంచీ నాది. ఆ అమ్మాయి ఎవరని కూడా నేను అడగలేదు. మిగతా రెండు పుస్తకాలూ నీ దగ్గరే ఉంచుతాను కానీ పండగ వెళ్ళిన సోమవారం నుంచి రోజూ ఫైలు రావాలి, లేకపోతే నేను ఏమీ చేయలేనమ్మా అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది, నాకు పోట్లాడటానికి ఒక దారి ఉండేది. ఫోను పెట్టేశాను. ఏమైంది బిడ్డా అని పక్కనుంచి అడిగారు. ఏమీ లేదండీ అన్నాను. ఆ రోజు ఆయన చెప్పిన కబురు ఏదీ నా చెవికి ఎక్కలేదు.

సూదులు తీశాక ఇంటికి వెళ్ళలేదు. ఆటో అతన్ని తిన్నగా అమీర్‌పేటకు పొమ్మన్నాను. కాళ్ళలో సత్తువ లేదు, షాపు మెట్లు రెండే అయినా గోడ పట్టుకుని ఎక్కాను. నా నంబరు తీసుకున్న ఆ భాయ్ నన్ను చూడగానే కుర్చీ వేసి, ఫ్యాను నా వైపు తిప్పాడు. కొత్తది వద్దు, పాతది వద్దు, ఏది ఉంటే అది చూపించండి, నాకు ఈ బల్ల కొలతలో పట్టాలి, అంతే అన్నాను. నా మాట నాకే తలాతోకా లేకుండా వినబడింది.

ఆయన లోపలి గదిలోకి వెళ్ళి ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. నల్లగా, గీతలు పడి, మూల మీద ఏదో కంపెనీ అంటించిన స్టిక్కరు చింపిన మరక. పెద్ద ఆఫీసులు మూడేళ్ళు వాడి వదిలేస్తే లాటుగా కొంటారట. చెయ్యి పరిచాను. జానా బెత్తెడు. వెలిగించి చూపించాడు. మా ఫాంట్లు పెన్‌డ్రైవ్‌లో నా పర్సులోనే ఉన్నాయి, ఎక్కించి చూస్తే అక్షరాలు అక్షరాల్లాగే వచ్చాయి. బ్యాటరీ పొంగుతుందా అని అడిగాను. అది కొత్తది వేశాను మేడమ్, పొంగితే వాపస్ తీసుకుంట అన్నాడు.

“గివి మా దగ్గర ఎప్పటిసంది ఉన్నయ్,” అన్నాడు మళ్ళీ, నొచ్చుకుంటూ. “మీరు కొత్తదే అడిగిన్రు గదా మేడమ్.”

అడగందే అమ్మయినా పెట్టదు. నేను అడిగిందల్లా కొత్తది ఎప్పుడు వస్తుందనే. ఆషాఢం పోయింది, శ్రావణం పోయింది, చవితి పోయింది, నా రాజ్యాంగం పుస్తకం పోయింది, ఇది మాత్రం ఈ గోడకు అవతల దుమ్ములో కూర్చుని ఉంది. నవ్వొచ్చింది, నవ్వడానికి ఊపిరి చాలలేదు. డబ్బు కట్టి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఇంటికి వచ్చాను. మావారు చూసి, దీపావళి దాకా అని ఏదో అనబోయారు. నా మొహం చూసి మానేశారు.

తర్వాతి పూట దాన్ని సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టాను. అంచుకు అంచు సరిపోయింది. టెక్నీషియన్ వచ్చి, చుట్టూ చూసి, బొటనవేలు చూపించి వెళ్ళాడు. నాకు చాలా సంతోషమేసింది. పక్కకు తిరిగి, చూశారా బాబాయి గారూ, పాతదే దొరికింది, పన్నెండున్నర, మీరు తేల్చిన సైజే అన్నాను. ఆయన చూశారు. చాలాసేపు చూశారు. మంచిగున్నది అన్నారు. ఆయన మొహంలో వెలుగు లేదు. నేను ఫైలు తెరిచి పనిలో పడ్డాను.

రెండు పేజీలు అయ్యేసరికి ఆయన గొంతు వినబడింది. అంత మెల్లగా ఆయన మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు.

“గిసొంటివి దొరుకుతయని నాకు ఎరుకే బిడ్డా. బ్యాటరీ ముచ్చట సుత ఉత్తదే. నువ్వు ఇది తెచ్చుకుంటే దాంట్లకే చూస్తవ్. నాతోని ఎవరు మాట్లాడుతరు? అందుకే ఆగమన్న.”

నేను తెర మీంచి కళ్ళు ఎత్తలేదు. ఎత్తితే ఏమంటానో నాకే భయం వేసింది. నేను అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేకపోయిన రోజులన్నీ గుర్తొచ్చాయి. ఈ మనిషి పొద్దుపోవడం కోసం నన్ను అన్నాళ్ళు కూర్చోబెట్టాడు. ఏదో మీట నొక్కి ఒక లైను మొత్తం చెరిపేశాను, మళ్ళీ తెచ్చుకున్నాను.

“నా ఉద్యోగం పోయేది బాబాయి గారూ,” అన్నాను. “ఒక పుస్తకం పోయింది కూడా.”

ఉద్యోగం సంగతి నేను ఆయనకు ఎన్నడూ చెప్పలేదు నిజానికి. చిన్నది కావాలన్నానే గానీ దేనికోసమో, ఎంతలోగానో చెప్పలేదు. కానీ ఆ పూట నాకు న్యాయం చూసే ఓపిక లేదు. మిగతా గంటలన్నీ మాటల్లేకుండా పని చేశాను. బెంచీ మీద కూడా దూరంగా కూర్చున్నాను.

ఆ తర్వాత వెళ్ళేసరికి నా పక్క కుర్చీలో ఎవరో కొత్త ఆవిడ ఉంది. కళ్ళు మూసుకుని పడుకుంది. పెద్దాయన గదికి ఆ చివర, వాష్ బేసిన్ పక్కనున్న కుర్చీలో ఉన్నారు. ఆయన అక్కడ కనబడేదాకా ఒక్కొక్క కుర్చీనే వెతికాను. నర్సును అడిగితే, ఆయనే మార్చమన్నడు మేడమ్, మీకు పని ఉంటదంట కదా, డిస్టర్బ్ అయితదంట అని చెప్పింది.

సరే, మంచిదే అనుకున్నాను. పండగ వెళ్ళింది, సోమవారం వచ్చింది, ఫైలు వెళ్ళింది. మంగళవారమూ వెళ్ళింది. యజమాని ఫోన్ చేసి బాగుందమ్మా అన్నాడు. ఉద్యోగం నిలిచింది. నేను కోరుకున్నది అదే. పనిచేస్తూ తల ఎత్తితే ఆ చివర ఆయన కనబడేవారు. ఫోను ఒళ్ళో బోర్లా పడి ఉండేది. వీడియోలు చూడటం లేదు. ఊరికే మిషన్ తిరుగుతుంటే దాన్నే చూస్తూ ఉండేవారు. నేను మళ్ళీ తల దించుకునేదాన్ని. పేజీలు బాగానే కదిలేవి గానీ ఆ నాలుగు గంటలు ఎంత పొడుగో అప్పుడు తెలిసింది. అన్నాళ్ళూ అవి ఎలా గడిచిపోయాయో, ఎవరు గడిపారో కూడా అప్పుడే తెలిసింది. నా కోపం ఇంకా ఉంది. ఉన్నా, ఆయన అలా కూర్చోవడం నేను చూడలేకపోయాను.

ఒక రోజు బెంచీ మీద ఇద్దరం దూదులు నొక్కుకుంటుండగా వెళ్ళి పక్కన కూర్చున్నాను. పని అయితుందా బిడ్డా అని అడిగారు, నేల వైపు చూస్తూ. అవుతోందన్నాను. ఉద్యోగం నిలబడిందని చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని తెరిచారు. మళ్ళీ ఇటు వచ్చేయమని అడిగాను. ఆ కొత్తావిడకు ఏ కుర్చీ అయినా ఒకటే, నర్సుతో నేను మాట్లాడతాను, మొదటి రెండు గంటలు నా పని, తర్వాత మూసేస్తాను అని చెప్పాను.

“కొనుక్కున్నవ్ గదా,” అన్నారు. “ఇంక మనం ఏం మాట్లాడుకుంటం బిడ్డా?”

నిజమే. అన్ని నెలల్లో మేం మాట్లాడుకున్నదంతా రాబోయేదాని గురించే. ఆయన భార్య ఉందో లేదో నాకు తెలియదు. నాకు పిల్లలున్నారో లేరో ఆయన అడగలేదు. నాకూ తెలీదండీ, ముందు వచ్చి కూర్చోండి అన్నాను.

వచ్చారు. నేను రెండు గంటలు పని చేసి, అన్న మాట ప్రకారం మూత వేశాను. ఆయన నా వైపు చూశారు, నేను ఆయన వైపు చూశాను. రెండు మిషన్లూ పక్కపక్కన తిరుగుతున్నాయి. తర్వాత ఆయన తన చేతిలోని సూదుల వైపు చూసుకుంటూ, “నాకు రోజూ భయమైతది బిడ్డా,” అన్నారు.

“నాకూ అంతే బాబాయి గారూ,” అన్నాను.